దక్షిణాఫ్రికా సఫారీ లాడ్జిలో మూడు రాత్రులు: పెట్టే డబ్బు దేనికి, లాడ్జిని ఎలా ఎంచుకోవాలి

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. నాన్నగారి షష్టిపూర్తి సందర్భంగా వచ్చే మే నెలాఖరులో తల్లిదండ్రులనూ తొమ్మిదేళ్ల పాపనూ వెంటబెట్టుకుని మీ దంపతులు హైదరాబాదు నుంచి దక్షిణాఫ్రికా వెళ్లాలనుకుంటున్నారు. క్రూగర్ జాతీయ పార్కును ఆనుకుని ఉన్న సాబీ సాండ్స్ అభయారణ్యంలో ఒక విలాసవంతమైన సఫారీ లాడ్జిలో మూడు రాత్రులు ఉండాలని మీ ఆలోచన. మనిషికి రాత్రికి లక్ష రూపాయలు దాటుతున్న ధరలు చూసి, అంత పెట్టడం సబబేనా, పెడితే ఏ లాడ్జి తీసుకోవాలి, మోకాళ్ల నొప్పులున్న అమ్మగారు తట్టుకోగలరా, శాకాహారం దొరుకుతుందా అని అడిగారు. నేను చాలా ఏళ్లుగా జొహానెస్‌బర్గ్‌లో ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చే బంధువులనూ స్నేహితులనూ ఆ అడవులకు తీసుకువెళ్లడం, వెళ్లలేనప్పుడు వాళ్ల ఏర్పాట్లు చూడటం నాకు అలవాటైన పని. ఆ అనుభవంతోనే కాస్త వివరంగా రాస్తున్నాను.

డబ్బు పెట్టడం సబబే. అయితే ఆ డబ్బు దేనికి పోతున్నదో తెలుసుకుని పెట్టాలి. లాడ్జిల వెబ్‌సైట్లు తెరిస్తే మీకు ముందుగా కనిపించేవి ఆరుబయట స్నానపు తొట్టి, గదికొక చిన్న ఈతకొలను, దోమతెర వేలాడే పెద్ద మంచం. ఇవన్నీ బాగానే ఉంటాయి, కానీ మీరు మెలకువగా ఉండే సమయంలో సగం సఫారీ జీపులోనే గడుస్తుంది, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం భోజనాల దగ్గరా మధ్యాహ్నపు కునుకులోనూ పోతుంది. కాబట్టి గదుల ఫొటోలు పక్కన పెట్టి మూడు విషయాలు చూడమంటాను: ఆ లాడ్జి జీపులు ఎంత నేలమీద తిరగవచ్చు, జీపుకు ఎంతమందిని ఎక్కిస్తారు, గైడ్‌తో పాటు ప్రత్యేకంగా ట్రాకర్, అంటే జంతువుల జాడ పట్టే మనిషి, ఉంటాడా. ఈ మూడూ బాగున్న లాడ్జిలో గది కాస్త పాతదైనా మీరు సంతోషంగా తిరిగి వస్తారు. ఈ మూడూ సరిగా లేని చోట ఎంత అందమైన గది ఇచ్చినా, మూడో రోజుకు ఇంకా చూడవలసినదేదో మిగిలిపోయిందనే అసంతృప్తి తప్పదు.

మొదట నేల సంగతి. క్రూగర్ పార్కు దాదాపు 20,000 చదరపు కిలోమీటర్ల ప్రభుత్వ అడవి. 1898లో సాబీ గేమ్ రిజర్వ్‌గా మొదలై 1926లో జాతీయ పార్కు అయింది. దానికి పడమటి పక్కనే సుమారు 65,000 హెక్టార్లలో సాబీ సాండ్స్ ఉంది. ఇది ప్రైవేటు భూముల సముదాయం. ఈ రెంటి మధ్య ఉన్న కంచెను 1993లో తీసేశారు, అప్పటి నుంచి జంతువులు అటూ ఇటూ స్వేచ్ఛగా తిరుగుతున్నాయి. అంటే రెండు వైపులా ఉన్నవి అవే సింహాలు, అవే ఏనుగులు. తేడా అంతా మనుషులకు పెట్టిన నియమాల్లో ఉంది. క్రూగర్‌లో సొంత కారులో తిరిగేవారు తారురోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లకు మించకుండా, రోడ్డు దిగకుండా, పొద్దుగూకే వేళకు శిబిరపు గేటు లోపలికి చేరుకోవాలి. ఒక సింహం రోడ్డు పక్కన పడుకుంటే ఇరవై కార్లు దాని చుట్టూ మూగడం సెలవు రోజుల్లో మామూలే. సాబీ సాండ్స్‌లో ఒక జంతువు దగ్గర సాధారణంగా రెండు మూడు జీపులకు మించి ఉండవు. మిగిలిన గైడ్లు రేడియోలో వంతు అడిగి దూరంగా ఆగుతారు. సింహం, చిరుత వంటివి పొదల్లోకి నడిస్తే జీపు కూడా వాటి వెనుకే పొదల్లోకి వెళుతుంది. చీకటి పడ్డాక కూడా స్పాట్‌లైట్ వెలుగులో తిరుగుతుంది. మీరు చెల్లించే డబ్బులో పెద్ద భాగం ఈ మూడు వెసులుబాట్లకే.

అందులోనూ ఒక మెలిక ఉంది. సాబీ సాండ్స్ మొత్తం ఒకటే అడవి అయినా, ఏ లాడ్జి జీపు ఎక్కడెక్కడ తిరగవచ్చో భూయజమానుల ఒప్పందాలను బట్టి ఉంటుంది. కొన్ని లాడ్జిలకు పది వేల హెక్టార్లకు పైగా తిరిగే హక్కు ఉంటే, కొన్నింటికి అందులో నాలుగో వంతు కూడా ఉండదు. చిన్న హద్దులున్న చోట చిరుత గీత దాటి పక్క ఆస్తిలోకి వెళ్లిపోతే మీ గైడ్ ఇంజను ఆపి చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. సాండ్ నది ఒడ్డు ఎంత మేర తమ హద్దుల్లోకి వస్తుందో కూడా అడగండి. వానలు లేని నెలల్లో నీళ్లూ నీడా అక్కడే ఉంటాయి, ఒడ్డునున్న పెద్ద చెట్ల మీదే చిరుతలు తమ వేటను దాచుకుంటాయి.

ఇక ట్రాకర్. మన దగ్గర నాగర్‌హోళెకో తాడోబాకో వెళ్లినవాళ్లకు జీపు డ్రైవరూ, పక్కన అటవీశాఖ గైడూ తెలుసు. ఇక్కడి జీపుకు ముందువైపు, బానెట్ ఎడమ మూలన, నేలకు దగ్గరగా ఒక చిన్న కుర్చీ బిగించి ఉంటుంది. అందులో కూర్చునేవాడే ట్రాకర్. ఎక్కువమంది చుట్టుపక్కల షాంగాన్ తెగ గ్రామాలవాళ్లు, అడవిని చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు. జీపు నడుస్తుండగానే అతను చేయి పైకెత్తుతాడు, బండి ఆగుతుంది, దిగి మెత్తటి ఇసుకలో ఒక చిరుత అడుగు దగ్గర వంగుతాడు. ఆ అడుగు అంచులు ఇంకా పదునుగా ఉన్నాయా, గాలికి జారిపోయాయా. రాత్రి పడిన మంచు బొట్లు చేసిన చిన్న చిన్న గుంతలు అడుగు లోపల కూడా ఉన్నాయా, చుట్టూ ఉండి లోపల లేవా. దాని మీదుగా పావురమో పురుగో నడిచిన గీత ఉందా అని చూస్తాడు. లోపల గుంతలు లేకపోతే మంచు కురిశాక, అంటే తెల్లవారుజామున, చిరుత ఆ దారిన వెళ్లిందని అర్థం. అప్పుడు గైడ్, ట్రాకర్ తమ భాషలో రెండు ముక్కలు మాట్లాడుకుంటారు, ఒక్కోసారి ట్రాకర్ రేడియో పట్టుకుని కాలినడకన జాడ వెంట వెళ్లిపోతాడు, గైడ్ మిమ్మల్ని తీసుకుని చుట్టు తిరిగి ముందు దారిలో చూస్తాడు. ఎక్కడో ఇంపాలా జింక ముక్కుతో గట్టిగా ఊదినట్టు హెచ్చరిక చేస్తుంది, ఉడుతలు ఆపకుండా కిచకిచలాడతాయి, జీపు అటు తిరుగుతుంది. అరగంటకు చిరుత దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. కానీ ఆ అరగంట మీ పాపకు సింహాన్ని చూసినదానికన్నా ఎక్కువ గుర్తుండిపోతుందని నేను ధీమాగా చెప్పగలను. సింహాల దగ్గరికి చేరేటప్పుడు ట్రాకర్ తన ముందు కుర్చీ వదిలి జీపు లోపలికి వచ్చి కూర్చుంటాడు. అది చూసి పెద్దవాళ్లు కంగారు పడకుండా ముందే చెప్పి ఉంచండి.

సాబీ సాండ్స్ పేరు చెప్పగానే అందరూ చిరుతల గురించే మాట్లాడటానికి ఒక కారణం ఉంది. ఆఫ్రికాలో చాలాచోట్ల చిరుత జీపు చప్పుడు వినగానే మాయమవుతుంది. ఇక్కడ లోండొలోజి అనే లాడ్జి భూముల్లో 1979 ప్రాంతంలో ఒక ఆడచిరుత జీపులను సహించడం మొదలుపెట్టింది. గైడ్లు దాన్ని తరమకుండా, దారికి అడ్డం పోకుండా ఓపికగా మెలిగారు. తల్లి భయపడనప్పుడు కూనలూ భయపడవు. ఆ పద్ధతి తరాలుగా కొనసాగడం వల్ల ఇప్పుడు ఆ ప్రాంతపు చిరుతలు పది మీటర్ల దూరంలో జీపు ఆగినా తమ పని తాము చూసుకుంటాయి. గైడ్లు ఒక్కొక్కదాన్ని మూతి మీది చుక్కలతో గుర్తుపడతారు. మీసాల పై వరుసకు ఎగువన కుడివైపు ఎన్ని చుక్కలు, ఎడమవైపు ఎన్ని చుక్కలు అని లెక్కపెట్టి, మూడు-రెండు, రెండు-నాలుగు అని రాసుకుంటారు. పాప చేతికి ఒక మంచి బైనాక్యులర్ ఇచ్చి ఆ చుక్కలు లెక్కపెట్టమనండి. బైనాక్యులర్ల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. ఇద్దరికి ఒకటి చొప్పున తీసుకుంటే, ఎప్పుడు చూసినా అవతలివాళ్ల చేతిలోనే ఉంటుంది.

జీపులో మూడు వరుసలు, వెనక్కి పోయేకొద్దీ ఎత్తుగా, మెట్లమెట్లుగా ఉంటాయి. వరుసకు ముగ్గురిని కూర్చోబెట్టే లాడ్జిలు ఉన్నాయి, ఇద్దరికి మించి కూర్చోబెట్టనివీ ఉన్నాయి. ధరలో తేడాకు ఇదొక ముఖ్య కారణం. ముగ్గురున్న వరుసలో మధ్యలో కూర్చున్నవారికి ఎటు చూసినా ఎవరో ఒకరి భుజమే అడ్డం వస్తుంది. మీది అయిదుగురి కుటుంబం కాబట్టి అదనపు రుసుము కట్టి ప్రత్యేక జీపు తీసుకోమని నా గట్టి సలహా. కావాలంటే ఒక మెట్టు కింది గదులు తీసుకుని ఆ డబ్బు ఇటు మళ్లించండి. కారణం చెబుతాను. ఒకసారి ఒక లాడ్జిలో మావాళ్ల చిన్నపిల్లవాడిని, ఫొటోల కోసం వేల డాలర్ల లెన్సులతో వచ్చిన నలుగురు అపరిచితులతో ఒకే జీపులో ఎక్కించారు. వాళ్లు ఒక పక్షి గూటి దగ్గర గంటన్నర కూర్చోవాలంటారు, పిల్లవాడికి ఆకలి, అమ్మమ్మకు బాత్రూము అవసరం. ఎవరిదీ తప్పు కాదు, అందరి సఫారీ చెడింది. సొంత జీపు ఉంటే పాప విసుక్కోగానే వెనక్కి తిరగవచ్చు, నాన్నగారు ఏనుగుల దగ్గర ఇంకాసేపు ఆగుదామంటే ఆగవచ్చు. కొన్ని లాడ్జిల కుటుంబ విల్లాల్లో జీపూ గైడూ వంటమనిషీ ధరలోనే కలిసి ఉంటారు. అయిదుగురికి లెక్కవేస్తే విడివిడి గదులకన్నా అది పెద్ద ఖరీదు కాకపోవచ్చు.

అమ్మగారిని గైడ్ వెనుక మొదటి వరుసలో కూర్చోబెట్టండి. వెనుక వరుస నుంచి చూపు బాగా ఆనుతుంది గానీ కుదుపులన్నీ అక్కడే. జీపు ఎక్కడం కాస్త కష్టం, అడుగు పెట్టే చోటు ఎత్తుగా ఉంటుంది. ముందే చెబితే చాలా లాడ్జిలు చిన్న నిచ్చెనో మెట్లపీటో తెచ్చి పెడతాయి. నడుము నొప్పి ఉన్నవారి విషయం కూడా దాచకుండా చెప్పండి, గైడ్ పొదల్లోకి దూరేటప్పుడు మెల్లగా నడుపుతాడు. ఉదయం మూడు మూడున్నర గంటలు, సాయంత్రం మళ్లీ అంతే. రెండింటిలోనూ మధ్యలో ఒకచోట ఆపి, జంతువులు లేవని చూసుకుని, కాఫీయో చల్లటి పానీయమో ఇస్తారు. పొద్దున కాఫీతో గట్టి రస్కులు పెడతారు, అవి ముంచుకు తినాలి, లేకపోతే పెద్దవాళ్ల పళ్లకు పరీక్షే. బాత్రూము అవసరమైతే గైడ్ ముందుగా చూసి వచ్చిన చెట్టు చాటే దిక్కు. ఇది ఎవరూ వెబ్‌సైట్‌లో రాయరు కాబట్టి నేను రాస్తున్నాను. ఏ పూటయినా అలసిపోతే పెద్దవాళ్లు లాడ్జిలోనే ఉండిపోవచ్చు. వరండాలో కూర్చుంటే నదిలోకి దిగే ఏనుగులు అక్కడి నుంచీ కనబడతాయి.

మే నెలాఖరు మంచి ఎంపిక. వానలు నవంబరు నుంచి మార్చి వరకు పడతాయి, ఏప్రిల్ దాటాక గడ్డి ఎండడం మొదలై, నీటి గుంటలు ఇంకి, జంతువులు నదికి చేరతాయి. మధ్యాహ్నం 26 డిగ్రీల దగ్గర ఉంటుంది, తెల్లవారుజామున 10కి పడిపోతుంది, పైన కప్పు లేని జీపులో గాలికి ఇంకా తక్కువ అనిపిస్తుంది. దుప్పట్లూ వేడినీళ్ల సంచులూ వాళ్లే ఇస్తారు, అయినా అమ్మగారి శాలువా, నాన్నగారి మంకీ క్యాప్ తప్పక తీసుకెళ్లండి. సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి పడుతుంది కాబట్టి సాయంత్రపు సఫారీలో రెండో సగం స్పాట్‌లైట్‌తోనే సాగుతుంది. ట్రాకర్ దీపాన్ని అటూ ఇటూ తిప్పుతుంటే దూరంగా కళ్లు మెరుస్తాయి. ఆ కళ్లు ఇంపాలావో జీబ్రావో అయితే వెంటనే దీపం తిప్పేస్తాడు, ఎందుకంటే పగటి జంతువుల కళ్లు చెదిరితే ఆ కొద్దిసేపట్లోనే సింహానికి దొరికిపోతాయి. జూలై, ఆగస్టుల్లో గడ్డి ఇంకా పలచబడి జంతువులు మరింత తేలికగా కనబడతాయి గానీ అప్పటి చలి పెద్దవాళ్లకు అంత మంచిది కాదు.

మలేరియా మాట కాస్త శ్రద్ధగా చదవండి. క్రూగర్, సాబీ సాండ్స్ మలేరియా ప్రాంతంలోనే ఉన్నాయి. ప్రమాదం సెప్టెంబరు నుంచి మే వరకు. మీరు వెళ్లేది ఆ కాలం చివర కాబట్టి ప్రమాదం తక్కువే, కానీ లేకపోలేదు. నివారణ మాత్రలు ఏవి వాడాలో డాక్టరు చెప్పాలి. అటోవాక్వోన్-ప్రోగువానిల్ ప్రయాణానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి తిరిగి వచ్చాక మరో ఏడు రోజులు వాడతారు, పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. డాక్సీసైక్లిన్ అయితే తిరిగి వచ్చాక నాలుగు వారాలు కొనసాగించాలి. హైదరాబాదులో మొదటి మందు అన్ని దుకాణాల్లో దొరక్కపోవచ్చు, నెల ముందే వాకబు చేయండి. తిరిగి వచ్చాక కొన్ని వారాల లోపల ఎవరికి జ్వరం వచ్చినా ఆఫ్రికా వెళ్లి వచ్చామని డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. వైరల్ జ్వరమేలే అని రెండు రోజులు చూడటం అక్కడి రకం మలేరియాతో ప్రమాదకరం.

ఈ మందుల గొడవే వద్దనుకుంటే మడిక్వే అనే మంచి ప్రత్యామ్నాయం ఉంది. బోట్స్వానా సరిహద్దున, జొహానెస్‌బర్గ్ నుంచి కారులో నాలుగైదు గంటల దూరంలో, 75,000 హెక్టార్ల అడవి. మలేరియా లేని ప్రాంతం. ఒకప్పుడు పాడైపోయిన పశువుల పొలాలవి. 1991లో అభయారణ్యంగా ప్రకటించి, ఆపరేషన్ ఫీనిక్స్ పేరుతో కొన్నేళ్లపాటు 8,000కు పైగా జంతువులను వేరే చోట్ల నుంచి తరలించి వదిలారు. ఏనుగులు, సింహాలు, ఆఫ్రికా అడవికుక్కలు బాగా కనిపిస్తాయి, పొదల్లోకి వెళ్లడం, రాత్రి తిరగడం ఇక్కడా ఉన్నాయి, ధరలు సాబీ సాండ్స్ కన్నా నయం. చిరుతలు మాత్రం అంత నింపాదిగా కనబడవు. డాక్టరు పాప విషయంలో అభ్యంతరం చెప్పకపోతే సాబీ సాండ్స్, చెబితే క్షణం ఆలోచించకుండా మడిక్వే.

మలేరియా గురించి బెంగ లేదు, ఖర్చు ఒక్కటే అడ్డం అనుకుంటే సాబీ సాండ్స్‌కు ఉత్తరాన కంచెలు లేకుండా కలిసి ఉన్న మన్యెలెటి, టింబావటి అభయారణ్యాలు చూడండి. మన్యెలెటి వర్ణవివక్ష కాలంలో నల్లజాతి వారికి ప్రత్యేకించిన అభయారణ్యం. తెల్లవారి పార్కుల్లో వాళ్లకు చోటు లేని రోజుల సంగతి. ఇప్పుడు అది మ్నిసి ప్రజల భూమి. ఈ అడవులన్నింటి వెనుకా అలాంటి చరిత్ర ఉంది. సాబీ సాండ్స్‌లోని ప్రసిద్ధ మలామలా భూములు సుమారు 13,000 హెక్టార్లను, పూర్వం అక్కడి నుంచి తరిమివేయబడిన కుటుంబాల వారసులకు 2013లో ప్రభుత్వం వంద కోట్ల రాండ్లకు పైగా చెల్లించి కొని అప్పగించింది. మడిక్వేలోనూ పక్క గ్రామాల వారికే చెందిన లాడ్జిలు ఉన్నాయి. మీ డబ్బులో ఎంత భాగం ఆ ఊళ్లకు చేరుతుందని లాడ్జిని అడగడానికి మొహమాటపడకండి; నిజంగా పని చేస్తున్నవాళ్లు సంతోషంగా వివరంగా చెబుతారు.

ప్రయాణం గురించి క్లుప్తంగా. హైదరాబాదు నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా జొహానెస్‌బర్గ్ చేరండి. అడిస్ అబాబా, నైరోబీల మీదుగా టికెట్లు చవకగా కనిపించవచ్చు, కానీ ఆ దేశాలు పచ్చజ్వరం (యెల్లో ఫీవర్) జాబితాలో ఉన్నాయి. అక్కడి విమానాశ్రయంలో 12 గంటలకు మించి ఆగితే దక్షిణాఫ్రికా టీకా సర్టిఫికెట్ అడుగుతుంది. ఇదే ప్రయాణంలో కెన్యా కూడా చూద్దామనుకుంటే అప్పుడు ఇండియాకు తిరిగి వచ్చేటప్పుడు కూడా ఆ సర్టిఫికెట్ కావాలి. అరవై దాటినవారికి ఆ టీకా ఇచ్చే ముందు డాక్టర్లు ఆలోచిస్తారు కాబట్టి మీ విషయంలో ఆ దారికి పోకపోవడమే మేలు. వీసాతో పాటు పాప జనన ధ్రువపత్రం, తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్నది, చేతిసంచిలో ఉంచుకోండి. దిగిన రోజు జొహానెస్‌బర్గ్ విమానాశ్రయం పక్కనే పడుకుని, మర్నాడు ఉదయం క్రూగర్‌లోని స్కుకూజా విమానాశ్రయానికి గంట విమానంలో వెళ్లండి. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన పెద్దవాళ్లను మళ్లీ ఆరు గంటలు కారులో కూర్చోబెట్టవద్దు. నేరుగా లాడ్జి రన్‌వే మీద దిగే చిన్న విమానాల్లో మనిషికి 20 కిలోలే, అదీ చక్రాలు లేని మెత్తటి సంచులే. ఎక్కువ లాడ్జిల్లో బట్టలు ఏ రోజువి ఆ రోజు ఉతికి ఇస్తారు, అందుచేత ఆ 20 కిలోలు సరిపోతాయి. అడాప్టరు కోసం కంగారుపడకండి, మన ఇళ్లలో గీజరుకు వాడే పెద్ద మూడు పిన్నుల ప్లగ్గే అక్కడ మామూలు ప్లగ్గు.

భోజనం గురించి మీరు భయపడినంత లేదు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్‌కు మొదటి భారతీయ కూలీలను తెచ్చింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో వచ్చినవారిలో మన ఉత్తరాంధ్ర వాళ్లూ చిత్తూరు వైపు వాళ్లూ ఎందరో ఉన్నారు, వాళ్ల వారసులు 1931లో స్థాపించుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ ఉంది. అందువల్ల మసాలా, పప్పు, కూర అనేవి ఈ దేశపు వంటవాళ్లకు కొత్త కాదు. చిక్కల్లా వెజిటేరియన్ అనే మాటతోనే ఊరుకోవడంలో వస్తుంది. ఆ ఒక్క మాట రాస్తే చేప తింటారనుకునేవారున్నారు, సూపులో కోడి ఎముకల నీళ్లు పోసి శాకాహారం అనేవారున్నారు. మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం, జెలటిన్ ఏవీ వద్దు, పాలూ పెరుగూ కావాలి, కారం కావాలి అని బుకింగ్‌లోనే రాయండి, బయలుదేరే రెండు వారాల ముందు మళ్లీ గుర్తుచేయండి, చేరిన రోజు వంటమనిషిని పిలిపించి నేరుగా మాట్లాడండి. అక్కడి సిబ్బంది తమ కోసం వండుకునే పాప్ అనే మొక్కజొన్న ముద్ద మన సంకటి లాంటిదే, దానికి తోడు చకలక అని క్యారెట్, మిరప, చిక్కుడు గింజలతో చేసే కూర ఉంటుంది. ప్రత్యేకంగా అడిగితే సంతోషంగా పెడతారు, నాన్నగారికి తప్పక నచ్చుతుంది. ఇంటి నుంచి కందిపొడి, కారప్పొడి తెచ్చుకుంటే వంటింట్లో ఇచ్చి ఉంచండి. గదిలో జంతికల డబ్బా పెట్టుకోవద్దు. వెర్వెట్ కోతులకు జరిపే తలుపులు తీయడం బాగా తెలుసు, అవి వచ్చి వెళ్లాక గది ఎలా ఉంటుందో తిరుమల మెట్లదారిలో సంచి లాక్కోబడినవారెవరైనా ఊహించుకోగలరు.

భద్రత విషయంలో లాడ్జి చెప్పే నియమాలు మర్యాదకోసం చెప్పేవి కావు. చాలా లాడ్జిలకు కంచె ఉండదు, ఉన్నా ఏనుగులను ఆపే ఒకటి రెండు కరెంటు తీగలే. చిరుత, హైనా, దున్న రాత్రిపూట గదుల మధ్యనుంచే తిరుగుతాయి. చీకటి పడ్డాక ఫోను చేస్తే మనిషి వచ్చి వెంటబెట్టుకుని భోజనానికి తీసుకెళతాడు. పక్క గదే కదా అని ఒక్కరే నడవకూడదు. పాప పగటిపూట కూడా ఒంటరిగా వరండా దిగకూడదు. అందుకే గదులు పక్కపక్కన ఉండేలా, వీలైతే పాప మీ గదిలోనే పడుకునేలా చూసుకోండి. చాలాచోట్ల ఆరేళ్ల లోపు పిల్లలను మామూలు జీపుల్లో ఎక్కించరు, కాలినడక సఫారీకి పన్నెండో పదహారో నిండాలంటారు, కాబట్టి పాపకు జీపు ఉంది, నడక లేదు. జీపులో లేచి నిలబడకూడదు, చేతులు బయటికి చాపకూడదు, అరవకూడదు. జంతువులు జీపును ఒకే ఆకారంగా చూస్తాయి, అందులోంచి ఒక మనిషి ఆకారం విడిగా కనిపించినప్పుడే వాటి ప్రవర్తన మారుతుంది. ఖడ్గమృగం ఫొటో తీస్తే, చోటు తెలిసేలా సామాజిక మాధ్యమాల్లో పెట్టవద్దు. వేటగాళ్ల బెడద వల్ల అక్కడ చాలా ఖడ్గమృగాలకు కొమ్ములు ముందే కోసి ఉంటాయి, అది చూసి పాప అడిగితే గైడ్ కారణం చెబుతాడు.

జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల సింహం కూనలను ఎత్తుకుని ఫొటో దిగనిచ్చే చోట్లు ఉన్నాయి. వెళ్లవద్దు. ఆ కూనలను తల్లి నుంచి వేరుచేసి పెంచుతారు, పెద్దవయ్యాక వాటికి మిగిలేది బోనూ వేటగాడి తుపాకీ మాత్రమే.

సింహం, చిరుత, ఏనుగు, ఖడ్గమృగం, దున్న అనే అయిదింటి జాబితా పట్టుకుని తిరగాలా వద్దా అన్నది మొదటి సాయంత్రమే గైడ్‌కు చెప్పండి. చెప్పకపోతే అతను మీకు అదే కావాలనుకుని ఒకదాని నుంచి ఇంకొకదానికి పరుగెత్తిస్తాడు. మూడు రాత్రులంటే ఆరు సఫారీలు. ఆ అడవిలో అయిదూ కనబడటానికి అవి సాధారణంగా చాలు గానీ హామీ ఎవరూ ఇవ్వలేరు. రెండు లాడ్జిల్లో రెండేసి రాత్రులు అని ట్రావెల్ ఏజెంట్లు ఊరిస్తారు; ప్రయాణంలో ఒక పూట పోతుంది, కొత్త గైడ్‌కు మీ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. ఒకేచోట ఉంటే నిన్న చూసిన సింహాలు ఎటు వెళ్లాయో ఇవాళ వెతుక్కుంటూ వెళ్లవచ్చు. నాలుగో రాత్రి ఉచితం అనే రాయితీలు అప్పుడప్పుడు కొన్ని లాడ్జిలు ఇస్తాయి, అడిగి చూడండి.

బుక్ చేసే ముందు లాడ్జికి మెయిలు రాసి, జీపులు తిరిగే విస్తీర్ణం, జీపుకు గరిష్ఠంగా ఎంతమంది, ట్రాకర్ ప్రతి జీపుకూ ఉంటాడా, ప్రత్యేక జీపుకు రోజుకు ఎంత, పాపకు ఏ వయసు నియమం వర్తిస్తుంది, ధరలో పానీయాలు, పరిరక్షణ రుసుము, గేటు రుసుము, రన్‌వే నుంచి తీసుకెళ్లే ఖర్చు కలిశాయా అని అడగండి. సూటిగా అంకెలతో జవాబిచ్చే లాడ్జిని నమ్మవచ్చు. బక్షీసులు ధరలో కలవవు, వాటికి విడిగా రాండ్లలో నగదు ఉంచుకోండి. ఎంత ఇవ్వాలో లాడ్జివాళ్లే ఒక కాగితం మీద సూచిస్తారు. గైడ్‌కు ఒక కవరు, ట్రాకర్‌కు వేరే కవరు, చివరి రోజు చేతికే ఇవ్వండి. వంటవాళ్లకూ గదులు చూసేవాళ్లకూ ఇవ్వదలచుకున్నది రిసెప్షన్ దగ్గరుండే ఉమ్మడి పెట్టెలో వేస్తే అందరూ పంచుకుంటారు.